ఎంత ఎత్తుండాది?

వేరుశనగ చేలకు డ్రోన్‌తో మందు కొట్టే పనిలో ఆయన నాకు గురువు. రోజూ పొద్దున చెన్నేకొత్తపల్లి పొలాల్లో, ఎత్తు కొలిచే సెన్సార్ మీద టేపు ముక్క అంటించి, ఖాళీ ట్యాంకుతో ఒకసారి ఎగరేసేవాడు.

"ఒక సెన్సార్ అబద్ధం చెప్పినా, మిగతావాటిని నమ్ముకొని దిగాలప్పా," అనేవాడు. డ్రోన్ కాస్త తడబడి, సర్దుకొని దిగేది. అప్పుడే టేపు పీకి మందు పోసేవాడు.

అది గాల్లో ఉన్నంతసేపూ నన్ను అడిగేవాడు: "ఎంత ఎత్తుండాది?" నాకు పని నేర్పుతున్నాడనుకొని చెప్పేవాణ్ణి.

ఒకరోజు పెనుకొండ దగ్గర విసుగొచ్చి, "నీకు తెల్సు గదన్నా," అని ఊరుకున్నాను. ఆయన తలెత్తి ఆకాశంలోకి చూస్తూ రిమోట్ తిప్పుతున్నాడు. నేనూ అటే చూశాను. అక్కడ ఎగురుతున్నది గద్ద. డ్రోన్ ఇటు, కలుపు తీస్తున్న ఆడవాళ్ల మీదికి దిగుతోంది. నేను అరిచేలోపే అది వాళ్లను పసిగట్టి, తనంతట తానే గాల్లో ఆగిపోయింది.

ఆయన రిమోట్ నా చేతిలో పెట్టాడు.

"ఏడాదిగా కండ్లు మసకప్పా. నువ్వు చెప్తాండావు గదా అని..."

ధర్మవరం బస్సెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ కనపడలేదు.

ఇప్పుడు నేనే ఎగరేస్తాను. పక్కన అడిగేవాళ్లెవరూ లేరు. అయినా డ్రోన్ దిగుతుంటే, ఎత్తెంతో గట్టిగా చెబుతూనే ఉంటాను.