పార్కు గోడ కింది తూము

ఆదిశేషమ్మ టీచర్ సైన్సు చెబుతుంటే గుంటల్లో రొయ్యలు కూడా ఎగరడం మాని వినేవట. వాకాడు అవతల, సముద్రపు ఒడ్డు పాలెంలో, ల్యాబు లేని బడిలో పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఆ ఉప్పు నేలలో చూపించడానికి సర్వీ చెట్ల తోపు తప్ప ఏముంది? అందుకే ఏటా ఏడో తరగతి ఆడపిల్లల్ని పట్నం పార్కుకు తీసుకుపోతుంది.

ఈసారి పాలెం పెద్ద పోలేరయ్య కట్టుబాటు పెట్టాడు. “నాలుక్కల్లా ఇళ్లకాడ ఉండాల టీచరమ్మా. ఒక్కరు తగ్గినా ఇంక ఆడబిడ్డలు పట్నం మొగం చూడరు.”

పార్కులో పదకొండు మంది పిల్లలు పదకొండు కొమ్మలకు పాలిథిన్ కవర్లు కట్టారు. ఆకు వదిలే నీరు చుక్కలై కనబడేదాకా కాచుకోవాలి. ఇంతలో మూడు ఈలలు వినిపించాయి.

“ఎవరికి ఆ ఈల?” అంది టీచర్.

“మనక్కాదు టీచర్, వల లాగే మగోళ్లకి,” అంది మహాలక్ష్మి.

పాలెంలో ఈల అంటే అంతే. అప్పుడే కవర్లో తొలి చుక్క మెరిసింది. టీచర్ ఈల మాటే మరిచిపోయింది.

గేటు దగ్గరికొస్తే గొలుసు, తాళం. పార్కు మళ్లీ తెరిచేది నాలుగింటికని బోర్డు. ఆ మూడు ఈలలూ వేసింది వాచ్‌మనే; తాళమేసి భోజనానికి పోయాడు. గోడల మీద గాజుపెంకులు. కమ్మీల అవతలే బస్టాండు. ఒంటిగంటన్నర బస్సు తప్పితే మళ్లీ చీకటి పడ్డాకే. టీచర్ అరిచిన అరుపులన్నీ లారీల హారన్లలో కలిసిపోయాయి.

“మనమే వలలో పడినాం గదా!” అని ఒక పిల్ల నవ్వబోయి, టీచర్ మొహం చూసి ఆగిపోయింది.

మహాలక్ష్మి మాత్రం నేల చూస్తోంది. “గడ్డంతా ఎండినాది టీచర్. ఈ గీతొక్కటే పచ్చగుండాది. నీళ్లు యాడికో పోతాండాయి.”

పచ్చ గీత వెంట పోతే పొదల వెనక, గోడ కింద తూము. పిల్లలు మలుగుపాముల్లా జారిపోయారు. టీచర్ తల పట్టింది, భుజాలు పట్టాయి, నడుము పట్టలేదు.

“లాగండిమే, హైలెస్సా!” అంది అవతల్నుంచి మహాలక్ష్మి.

చీర చిరిగింది తప్ప టీచర్ కదల్లేదు. ఒంటిగంటా పావు. ఆమె తంటాలుపడి వెనక్కి జరిగింది.

“మహాలక్ష్మీ, పదకొండు మందీ నీ పూచీ. మన బస్సు కండక్టర్ గంగాధరానికి ఫోన్ చేస్తా. పోండి.”

“మరి మీరు?”

“నాకింకా పాఠం మిగిలింది లే.”

బస్సు కదలడం కమ్మీల్లోంచి చూసింది. ఆ తర్వాత బెంచీ, ఎండ, తాళం. బడిలో అయితే గంటన్నా కొడతారు. పిల్లలు బస్టాపులో దిగారో లేదో, ఎవరైనా దారి తప్పారో ఏమో. పార్కును ఎన్నిసార్లు చుట్టినా గేటు దగ్గరికే తేలింది.

నాలుగింటికి పది నిమిషాలున్నాయనగా ఫోన్ మోగింది. పోలేరయ్య.

“పిల్లోళ్లు వచ్చినారు. పదకొండు మందీ.”

ఆమె బెంచీ మీద కూలబడింది.

“అయినా కట్టుబాటు తప్పినాది టీచరమ్మా.”

“అదేంది పెద్దాయనా?”

“పోయింది పన్నెండు మంది గదా? ఒకరు తగ్గినారు.” ఫోన్లో పిల్లల కిచకిచలు. “వచ్చే ఏడు నేనూ వస్తా. ఆ ఈల సంగతి నేను చూసుకుంటాలే.”

గేటు కిర్రుమంది. వాచ్‌మన్ నోరు తెరిచాడు. “ఏందమ్మా, నువ్వెట్టా వచ్చినావు లోపలికి?”

“అది తర్వాత చెప్తా గానీ, ఇంకో పది నిమిషాలాగు నాయనా,” అంటూ ఆమె కొమ్మల దగ్గరికి నడిచి మొదటి కవరు ముడి విప్పింది. లోపల గుక్కెడు నీళ్లు.