నెమ్మది సైకిల్ పందేనికి నలభై నిమిషాల వార్మప్

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇంట్లోవాళ్లకు ఏమీ తెలియదని, ఆఫీసువాళ్లకు అన్నీ తెలుసునని గట్టిగా నమ్మేదాన్ని. సాల్ట్ లేక్‌లో ఒక కంపెనీలో చేరి మూడు నెలలైనా పెద్ద బాసుకి నా పేరు తెలియదు. ఆఫీసు ఆటల్లో నెమ్మది సైకిల్ పందెం ఉందనగానే, ఇక నా పేరు మైకులో మోగడం ఖాయమనుకున్నాను. కాలు కింద పెట్టకుండా, ముప్పై గజాలూ అందరికన్నా ఆఖరున దాటినవాళ్లదే గెలుపు. ఖిదిర్‌పూర్ బజారులో తోపుడుబళ్ల మధ్య సైకిల్ తొక్కి పెరిగినదాన్ని (ఒకసారి ఒక మేక నన్ను దాటి వెళ్లిపోయింది), నాకన్నా నిదానం ఎవరికి చేతనవుతుంది?

మా టీము పెద్దను అందరం గ్రాఫ్‌దా అనేవాళ్లం (బెంగాలీలో దా అంటే అన్న; టీ తాగడానికీ గ్రాఫ్ గీసేవాడు). పొద్దున ఒళ్లు బిగుసుకుని ఉంటుందని, సాయంత్రం నాలుగింటికైతే కండరాలు చురుగ్గా ఉంటాయని, వార్మప్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని ఎక్కడో చదివాడు. పొద్దున ఏడింటి పందేన్ని పోట్లాడి నాలుగింటికి మార్పించాడు. మైదానంలో నలభై నిమిషాలు నా చేత పరుగులు, గెంతులు, గుంజీలు తీయించాడు. చూడ్డానికి వచ్చిన నాన్న, ఓడరేవు డాకులో బరువులెత్తే మనిషి, కాసేపు ఓపికపట్టి నన్ను పక్కకు పిలిచాడు.

"ఎనకబడాల్సిన పందేనికి ఒల్లు ఏడెక్కించడమేటే?"

"నీకు తెల్దు నాన్నా, ఇది సైన్సు."

ఈల వేశారు. అప్పటిదాకా దౌడు తీసిన కాళ్లకు నెమ్మది అనే మాట ఎక్కలేదు. బ్రేకు గుర్తొచ్చేసరికి గీత దాటి, టీ బల్లకు గుద్దుకుని ఆగాను. వెనక్కి చూస్తే మిగతావాళ్లు ఇంకా బయల్దేరిన చోటే ఊగుతున్నారు. మనుషులు తక్కువయ్యారని, భోంచేసి కుర్చీలో కునుకు తీస్తున్న స్టోర్‌రూమ్ పెద్దాయనను లేపి సైకిలెక్కించారట. ఆయన సగం నిద్రలోనే తొక్కి గెలిచాడు. నా పేరూ మైకులో చదివారు, అందరికన్నా ముందుగా ఓడిపోయినందుకు. వంద మీటర్ల పరుగైతే మెడల్ వచ్చేదని గ్రాఫ్‌దా బెంగాలీలో ఓదార్చాడు.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటుంటే, నాన్న చాలాసేపు ఆలోచించి అన్నాడు: "అందరికన్నా ముందెల్లినావు గదే. దీన్ని ఓడిపోడమని ఎవులన్నారు?"

ఓదార్పనుకున్నాను. కాదు, ఆయన నిజంగానే నమ్మాడు. బస్సు దిగగానే రసగుల్లాలు కొని, కూతురు సైకిల్ పందెంలో ఫస్టొచ్చిందని వీధంతా పంచాడు. నిజం చెప్పబోయి నోరు తెరిచాను, పక్కింటి పిన్ని అందులో ఒక రసగుల్లా పెట్టేసింది.

ఇప్పుడు రెండంతస్తుల మెట్లెక్కితే చాలు, నా వార్మప్ అయిపోతుంది. అయినా ఆ వీధికి వెళ్తే ముసలమ్మలు కొత్తకోడళ్లకు నన్ను చాంపియన్ అని చూపిస్తారు. నేనూ కాదనను, కాస్త నిటారుగా నడుస్తాను.