మా హాలు గోడలో లేని చెమ్మ

మొన్న మా ఇంట్లో ఏం జరిగిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. "మా ఇంట్లో" అన్నాను చూశారా, అలవాటు పోలేదింకా. ఆ ఇంట్లో ఇప్పుడు మేం లేం. పది మీటర్ల పూల గుడ్డ కొని, ఆ ఇంటిని నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను.

ఆ ఇల్లు మాకెంత ముఖ్యమో ముందు చెప్పాలి. నాకు రేపల్లెలో టీచరు ఉద్యోగం. మా ఆయన ప్రభాకర్ బాపట్లలో ఓ ఆఫీసులో క్లర్కు. పెళ్ళయిన రెండేళ్ళూ ఆయన అక్కడ ఓ గదిలో, నేనిక్కడ మా పిన్ని వాళ్ళింట్లో. ఆదివారం ఆదివారం చర్చిలో కలుసుకునే మొగుడూ పెళ్ళాలం. చివరికి తెనాలిలో, స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో, మేడ మీద వాటా ఒకటి దొరికింది. పొద్దున్నే ఇద్దరం కలిసి స్టేషనుకి నడిచి, ఆయన బాపట్ల వైపు బండి, నేను రేపల్లె బండి ఎక్కేవాళ్ళం. సాయంత్రం ఎవరు ముందొస్తే వాళ్ళు టీ పెట్టాలి. ఇంతకన్నా మనిషికి ఏం కావాలండీ? నాకు గోడ మీద పూలు కావాల్సి వచ్చాయి.

ఇంటి ఓనరు ఖాజాబీ ఆంటీ, కింద వాటాలో ఉంటారు. ఆవిడ అత్తగారి కాలం నాటి ఇల్లు. ఏటా రంజాన్ ముందు ఇల్లంతా సున్నం వేయించాల్సిందే. అలా ఏళ్ళ తరబడి పూత మీద పూత పడి గోడలు తెల్లగా, లావుగా ఉంటాయి. వాటా ఇచ్చేటప్పుడు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, గోడకి మేకు కొట్టకూడదు. కేలండరుంటే కిటికీ ఊచకి కట్టుకోమన్నారు, కట్టుకున్నాం.

హాలు గోడ మీద మాకంటే ముందున్నవాళ్ళు తల ఆనించి టీవీ చూసిన నూనె మరక ఒకటి ఉండేది. సున్నం వేసినా మళ్ళీ పైకి తేలింది. టీ తాగుతున్నంతసేపూ అది నావైపే చూసేది. సరిగ్గా అప్పుడే స్టాఫ్‌రూంలో ఎవరో పడేసిన పత్రికలో ఓ ఫొటో కనబడింది, అద్దె ఇంటి గోడకి నిలువెల్లా పూల గుడ్డ. మేకులక్కర్లేదు, గుడ్డని గంజిలో ముంచి అంటించడమే. ఇల్లు మారేటప్పుడు ఓ మూల పట్టుకుని లాగితే శుభ్రంగా ఊడొస్తుందట. కింద చిన్న అక్షరాల్లో, ఇది ఆయిల్ పెయింటు గోడలకి మాత్రమే అని కూడా ఉంది. అది నేను తర్వాత చదివాను. ప్రశ్న పూర్తిగా చదివాకే జవాబు రాయండర్రా అని పిల్లలకి రోజూ చెప్పేది నేనే.

తెనాలి బజారంతా తిరిగి నీలం పూల కాటన్ గుడ్డ తెచ్చాను. కుక్కరు పక్కన పెట్టి మూడు రోజులు అన్నం వార్చి గంజి పోగుచేశాను. మా ఆయన వేలు ముంచి చూసి ఇది చీరలకైతే సరిపోతుంది గానీ గోడకి చాలదన్నారు. సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళు మైదా ఉడకబెడతారని ఆయనకి ఎక్కడో తెలిసింది. గంజిలో మైదా కలిపి, ఉడికించి, ఇద్దరం స్టూళ్ళెక్కి అంటించాం. ఆరాక చూస్తే ఎంత బాగుందంటే, మా ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చారు. ఎప్పుడూ విడవరు. ఖాజాబీ ఆంటీ కూడా పైకొచ్చి, చేత్తో నిమిరి, మేకు లేకుండా భలే నిలబెట్టావు టీచరమ్మా అని మెచ్చుకున్నారు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఇంట్లో పులిసిన వాసన మొదలైంది. ముందు పిండి అనుకున్నాం, తర్వాత మా ఆయన సాక్సులనుకుని ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఓ సాయంత్రం లైటు వేసేసరికి పువ్వుల మధ్య నుంచి మీసాలు కదిలాయి. బొద్దింకలండీ, కుటుంబాలతో సహా. అంత గంజీ అంత మైదా పెట్టి పిలిస్తే ఎవరు మాత్రం రారు?

భయమేముంది, ఊడదీసుకోవచ్చన్నారుగా అనుకున్నాను. ఆదివారం చర్చి నుంచి రాగానే, చీర కూడా మార్చుకోకుండా, పై మూల పట్టుకుని లాగాను. ఊడొచ్చింది. గుడ్డ ఒక్కటే రాలేదు. ఇన్నేళ్ళ సున్నమూ, దాని వెనకున్న పాత గచ్చూ మొత్తం అట్టు లేచినట్టు లేచి దభీమని నేల మీద పడ్డాయి. నా ఎదురుగా ఎర్ర ఇటుకలు. మా ఆయన తెల్లగా సున్నంలో మునిగి నిలబడి, "సునీతా, ఇంక చాల్లే" అన్నారు. లాగడానికి ఇంకేం మిగిలిందని?

చప్పుడుకి ఖాజాబీ ఆంటీ పరుగున మెట్లెక్కి వచ్చారు. ఈవిడ వెళ్ళిపొమ్మంటే మళ్ళీ ఆదివారం మొగుడూ పెళ్ళాలమేగా. ఆ భయంలో నోట్లోంచి అబద్ధం దానంతటదే వచ్చింది.

"చెమ్మండీ ఆంటీ. గుడ్డ వెనకాల గోడంతా చెమ్మ."

ఆవిడ తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "అయ్యో, ఇన్నాళ్ళూ చెమ్మ గోడ పక్కన పడుకున్నారా తల్లీ" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూశారు. మర్నాడు పొద్దున్నే మేస్త్రిని పిలిపించారు.

ఆ మేస్త్రి నిదానస్తుడు. గోడకి చెవి ఆనించి వేళ్ళతో కొట్టి, ఎక్కడ కొట్టినా డొల్లగానే మోగుతోందన్నాడు. నీళ్ళు ఎటునుంచి దిగుతున్నాయో తేలకుండా పూత వేస్తే తన పేరు పోతుందట. హాలు గోడ తవ్వాడు, చెమ్మ లేదు. బాత్‌రూం గోడ తవ్వాడు, లేదు. పైన డాబా గచ్చు మీద గునపం పడ్డ చప్పుడు వినగానే నాకు అన్నం దిగలేదు. నోరు విప్పితే ఇల్లు పోతుంది, విప్పకపోతే ఇల్లు కూలుతుంది. ఇంత పిరికిదాన్నని నాకే తెలీదు.

నాలుగో రోజు స్కూలుకి సెలవు పెట్టి కిందికి వెళ్ళి, ఆవిడ చేతులు పట్టుకుని ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేశాను. చెమ్మ లేదు, గంజి, మైదా, లాగింది నేనే అని.

ఖాజాబీ ఆంటీ అంతా విని కొంగుతో నా కళ్ళు తుడిచారు. "మాకు ఖర్చవుతోందని తప్పు నీ మీద వేసుకుంటున్నావా అమ్మా? గంజికి గోడ ఊడుతుందా ఎక్కడైనా? రోజూ గంజి పెట్టిన చీర కట్టుకుంటున్నాను, నా ఒళ్ళేమైనా ఊడిందా?"

నిజమండీ, నన్ను నమ్మండి అని బతిమాలాను. బైబిలు మీద ప్రమాణం చేస్తానన్నాను. ఎంత చెబితే ఆవిడకి నామీద గౌరవం అంత పెరిగింది. మేస్త్రిని పిలిచి, ఇంత మంచి మనుషుల్ని చెమ్మలో ఉంచితే నాకు పాపం చుట్టుకుంటుంది, దొరికేదాకా తవ్వు అని చెప్పారు. పైకప్పు విప్పుతున్నాం కాబట్టి అందాకా మమ్మల్ని వేరేచోట ఉండమన్నారు. ఎన్నాళ్ళయినా సరే ఆ వాటా ఇంకొకరికి ఇవ్వనని ఒట్టు కూడా వేశారు. వీధిలో అందరికీ మా మంచితనం గురించి కథలు కథలుగా చెబుతున్నారట.

ఇప్పుడు ఆయన బాపట్లలో గదిలో, నేను పిన్ని వాళ్ళింట్లో. నిన్న ఫోన్ చేస్తే మేస్త్రి ఇంకా వెతుకుతున్నాడనీ, మాకోసం ప్రతి నమాజులో దువా చేస్తున్నాననీ ఆంటీ చెప్పారు. నేనూ ఇక్కడ ఊరుకోలేదు. రోజూ మోకాళ్ళ మీద పడి ఒకటే ప్రార్థన చేస్తున్నాను. ప్రభువా, ఆ ఇంట్లో ఎక్కడో ఓ మూల, మేస్త్రి కంటపడేలా, కాస్తంత చెమ్మ పుట్టించు తండ్రీ.