మా గుంటడు ఏ దేశానికి ఆడాలి

వేట నిషేధం రోజులంటే మా కళింగపట్నం మగవాళ్ళకి మహా కష్టకాలం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం కాబట్టి సముద్రం మీదకి వెళ్ళొద్దంటుంది గవర్నమెంటు. బోట్లు ఒడ్డెక్కుతాయి. వలలు బాగుచేసుకోవడం ఎండ ముదరకముందే అయిపోతుంది. ఆ తరవాత పొద్దుగూకేదాకా నోటికి పని చెప్పాలి కదా! ఒక ఏడు రొయ్యల రేటు, ఒక ఏడు ఎలక్షన్లు, ఇంకో ఏడు ఫలానావాళ్ళ పిల్ల ఫలానావాడితో వెళ్ళిపోవడం. పోయిన ఎండాకాలం మాత్రం వాళ్ళ అదృష్టం పండి మా మేనల్లుడు, అదే మా గుంటడు, దొరికాడు.

నేను గజపతినగరంలో హైస్కూల్లో తెలుగు చెబుతాను. వేసవి సెలవులకి అమ్మ దగ్గరికి వచ్చేస్తాను. మా తమ్ముడు ఓడలు రిపేరు చేసే యార్డులో వెల్డరు, పోర్చుగల్‌లో. కొడుక్కి ఏడేళ్ళప్పుడు పెళ్ళాన్నీ వాణ్ణీ తీసుకుపోయాడు. అక్కడ ఇంటి పక్క గ్రౌండులో పిల్లలతో బంతి తన్నుతుంటే ఒక క్లబ్బువాళ్ళు చూసి తమ అకాడమీలో చేర్చుకున్నారు. తిండి, బూట్లు, చదువు అన్నీ వాళ్ళే చూసుకున్నారు. వాడికి పదహారు నిండేసరికి ఆ దేశం కుర్రాళ్ళ జట్టువాళ్ళే ఇంటికొచ్చి అడిగారు, మా పౌరసత్వం తీసుకో, మా జట్టులో ఆడు అని. తీసుకుంటే మన పాస్‌పోర్టు వదిలెయ్యాలి. రెండు పాస్‌పోర్టులు మన దేశం ఒప్పుకోదు. ఎండాకాలం అయ్యేలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు.

ఈలోగా నానమ్మని చూసి వస్తానని వాడొక్కడే బయల్దేరి వచ్చాడు. తాటిచెట్టంత ఎదిగాడు గానీ వాడి తెలుగు మాత్రం ఏడేళ్ళప్పుడు ఎక్కిన విమానంలో ఎలా ఉందో అలాగే దిగింది. "ఓలమ్మా, నానమ్మా, ఏటిలా సిక్కిపోనావు?" అని గుమ్మంలోనే అరిచాడు. ఊళ్ళో వాడి ఈడు పిల్లలందరూ ఇంగ్లీషు మీడియం. వాళ్ళు వాడితో ఇంగ్లీషులో మాట్లాడబోతే వాడు, "ఏటిరా మీకు తెలుగు రాదేటి?" అని జాలిపడ్డాడు.

వచ్చిన రోజే, అమ్మ చేపలు తోముతుంటే, నన్ను పెరట్లోకి లాక్కెళ్ళాడు.

"అత్తా, నాకు ఇండియాకి ఆడాలని ఉన్నాది."

"ఆడరా, మరేటి కష్టం?"

"పిలవాల గదా! నాన్న నా ఆట వీడియోలన్నీ పంపించినాడు ఇక్కడి ఫుట్‌బాల్ ఆఫీసోళ్ళకి. మెయిళ్ళు పెట్టినాడు. ఎవులూ పలకనేదు. ఒక్క ఫోను సేసి, ట్రయల్స్‌కి రా అంటే సాలు. అక్కడోళ్ళకి వద్దని సెప్పీసి వచ్చీస్తాను." అని చుట్టూ చూసి, "ఎవులికీ సెప్పకు," అన్నాడు.

అంటే సంగతి ఇది. వాణ్ణి ఒక దేశం పిలిచింది. వాడు ఇంకో దేశం పిలుపు కోసం చూస్తున్నాడు. చేతిలో ఉన్నది ఒక్క ఎండాకాలం.

ఊరికి తెలిసింది మాత్రం సగమే. రెండు దేశాలు మా గుంటడి కోసం కొట్టుకుంటున్నాయని. ఎవరు చెప్పారో నాకు తెలీదు. ఇండియా అయితే ఏకంగా కాళ్ళావేళ్ళా పడుతోందని మా వీధి చివర కొట్టులో ఖాయం చేసేశారు.

మా వైపు అలివి వల అని ఒకటుంది. వల సముద్రంలో చుట్టి, రెండు చివర్ల తాళ్ళు ఒడ్డున పట్టుకుని లాగుతారు. ఆ తాడు మీద చెయ్యి వేసి లాగినవాడెవడైనా, పక్క ఊరివాడైనా సరే, పడిన చేపల్లో పాలు ఇవ్వాల్సిందే. మంచి పద్ధతే. అయితే ఆ ఎండాకాలం మా గుంటడి విషయంలో తాడు ముట్టుకోనివాడు కూడా గంప పట్టుకుని వచ్చేశాడు. "సిన్నప్పుడు మా పెరట్లో కొబ్బరి పిందెని తన్నీసినాడు, ఆవేళే అన్నాను" అని ఒకాయన. "ఆ కాలి బలమంతా మా ఇంట్లో నెత్తళ్ళ పులుసు మహిమ" అని ఒకావిడ. నేను మాత్రం తక్కువ తిన్నానా, వాడికి అ ఆలు దిద్దించింది నేనేనని ఒక మాట విసిరాను. నా గంప నాకుండాలి కదా!

వలలు కుట్టుకునే షెడ్డు కింద రోజూ సభ. అధ్యక్షులు మా పెదనాన్న. ఊళ్ళో ఏ తగువైనా ఆయన మాటే ఆఖరు. గుంటణ్ణి మధ్యలో కూచోబెట్టారు. వాడు మఠం వేసుకుని, తలొంచుకుని, చెప్పిందంతా విన్నాడు.

"ఇండియాకే ఆడాల. ఇంకో మాట నేదు," అన్నాడు పెదనాన్న.

అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది.

"పెదనాన్నా, ఇండియా ఫుట్‌బాల్ మేచ్ ఒక్కటైనా సూసేవేటి నువ్వు?"

"నాను సూడ్డవేటే? దేశం గురించి మాటాడతంటే మేచ్ గురించి మాటాడతావేటి?"

"పోనీ ఇక్కడున్నోళ్ళలో ఎవులైనా సూసేరా?"

షెడ్డు కింద ఉన్నట్టుండి అందరికీ వల కుట్టే పని గుర్తొచ్చింది. ఒకడు మాత్రం ధైర్యం చేసి, పోయిన నెల ఇండియా గెలిచిందిగా, ఆఖరి ఓవర్లో, అన్నాడు. అది క్రికెట్టురా నాయనా అని పక్కవాడు గిల్లాడు.

అమ్మ గుమ్మంలోంచి కేకేసింది. "ఒరే, ఆ గుంటణ్ణి ఒగ్గీయండ్రా! పొద్దుట్నించి ఏటీ తిన్నేదు ఆడు." ఊరు మొత్తంలో వాడి గురించి పనికొచ్చే మాట అన్నది ఆవిడొక్కర్తే.

వాడు రోజూ పొద్దున్నే తడి ఇసక మీద పరిగెత్తేవాడు. ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకి కట్టుకునేవాడు. నీళ్ళలోకి దిగినా అంతే. స్నానానికి వెళ్తే బకెట్టు పక్కన స్టూలు మీద పెట్టుకునేవాడు. "ఏటిరా అది, తాళిబొట్టులాగ," అని అమ్మ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. ఫోను మోగితే చాలు, వాడి మొహం వెలిగేది. లోన్ కావాలా సార్ అని ఎవరో అడిగేవాళ్ళు. ఇన్ని కోట్లమందిలో వాడికి లోను ఇవ్వాలని అందరికీ ఉంది, ఒక్క ఆట ఆడించాలని ఎవరికీ లేదు.

ఇలా ఉండగా మా ప్రాంతపు నాయకుడుగారికి దేశభక్తి కలిగింది. ఆయనకి అది తరచూ కలిగేదే, కాకపోతే ఫోటోగ్రాఫరు దొరకాలి. సన్మానం అన్నారు. బీచ్ రోడ్డు మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో నాయకుడుగారు నిలువెత్తు, వారి నాన్నగారు మబ్బుల్లో, వారి అనుచరులు వరసగా, ఒక మూల మా గుంటడు ఆధార్ ఫోటో సైజులో. స్టేజీ వేశారు, మైకు పెట్టారు. శాలువా కప్పారు, ఆ ఎండలో. జ్ఞాపిక ఇచ్చారు. విప్పి చూస్తే బంగారు రంగు బొమ్మ, బ్యాటు ఎత్తి సిక్సరు కొడుతోంది. శ్రీకాకుళంలో కొట్టువాడి దగ్గర అవే ఉన్నాయట. వాడు ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు చూసి, పళ్ళు బిగబట్టుకున్నాడు. నేను చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను.

నాయకుడుగారు మైకు పట్టుకున్నారు. కన్నతల్లి అన్నారు, జన్మభూమి అన్నారు, డబ్బుకి అమ్ముడుపోని మత్స్యకార పౌరుషం అన్నారు. "ఈ కుర్రాడు మన దేశానికే ఆడతాడని ఈ సముద్రం సాక్షిగా మీ అందరి ముందు మాటిస్తున్నాను!" అన్నారు. వాడి తరఫున ఈయన మాటివ్వడం ఏమిటో! చప్పట్లు, ఈలలు. మా పెదనాన్న కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత వాడి చేతికి మైకిచ్చారు.

వాడు మైకు రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ తరవాత నెమ్మదిగా అన్నాడు.

"నాను ఆడతాను. రేపు రమ్మంటే రేపే వస్తాను. నన్ను ఇక్కడ ఎవులూ పిలవనేదు. ఎవులినైనా పిలవమని సెప్పండి సార్."

ఇంత మొహం మీద చెప్పాడు కదా, ఇప్పుడైనా ఎవరికైనా ఎక్కుతుందేమో అనుకున్నాను. అబ్బే! ఎంత వినయం, ఎంత వినయం అని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నాయకుడుగారు వాడి భుజం మీద చెయ్యి వేసి, రేపే ఢిల్లీకి ఫోను చేస్తానన్నారు. నెంబరు ఇమ్మన్నారు. పక్కనున్న పి.ఏ. రాసుకున్నాడు. దిగేముందు అందరితో సెల్ఫీలు.

నాకు నమ్మకం లేదు. వాడికి ఉంది. అదే నాకు బాధ. "అంత పెద్దాయన, అందర్లోన సెప్పినాడు గదత్తా," అన్నాడు. పోర్చుగల్‌లో పెరిగినవాడు, పాపం, స్టేజీ మీద చెప్పిన మాటకి ఇక్కడ విలువెంతో వాడికెలా తెలుస్తుంది? చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్కణ్ణుంచి తమ్ముడు రోజూ ఫోను చేసి, "ఏటి సెప్పమంటావురా ఆళ్ళకి?" అని అడిగేవాడు. "రెండ్రోజులాగు నాన్నా," అనేవాడు వీడు.

ఒకరోజు పొద్దున్న నేనూ అమ్మా ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తున్నాం. వాడు పరిగెత్తుతున్నవాడల్లా ఆగాడు. కవరు చింపేసి ఫోను చెవికి పెట్టుకుని, మా వైపు వస్తూ, చెయ్యి ఊపాడు. నాయకుడుగారి ఆఫీసు నుంచి అని సైగ. ఒళ్ళంతా చెమట, స్పీకరు పెట్టాడు నాకు వినపడాలని.

"బాబూ, ఆదివారం ఖాళీయేనా?"

"ఖాళీయే సార్, ఎప్పుడైనా ఖాళీయే."

"సార్ వేరేచోట పెళ్ళికి వెళ్ళాలి. శ్రీకాకుళంలో క్రికెట్ టోర్నమెంటు ఫైనల్. ప్రైజులిచ్చేందుకు నువ్వొస్తే బాగుంటుందన్నారు. శాలువా, భోజనం ఉంటాయి."

"సార్, మరి ఢిల్లీ గురించి..."

"ఏ ఢిల్లీ?"

వాడు రాలేనండి అని మర్యాదగా చెప్పి పెట్టేశాడు. చేపలు ఆరేసిన పట్టా పక్కన ఇసకలో కూచుని బూట్లు విప్పుకున్నాడు. అమ్మకి ఏమీ అర్థం కాలేదు గానీ చేపల చేత్తోనే వాడి తల నిమిరింది. వాడు ఆ చెయ్యి అలాగే పట్టుకుని, రెండో చేత్తో తమ్ముడికి ఫోను చేశాడు. "నాన్నా, ఆళ్ళకి సరే అని సెప్పీ," అన్నాడు. తమ్ముడు అటునుంచి ఏదో అడిగాడు. "ఏటీ నేదు. సెప్పీ," అన్నాడు. నేను పక్కకి తిరిగి ఏడ్చాను. సిగ్గెందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇంక ఊరు ఊరుకుంటుందా? అమ్ముడుపోయాడన్నారు. తిన్నింటి వాసాలు లెక్కెట్టాడన్నారు. ఏ ఇంట్లో ఏం తిన్నాడో మాత్రం ఎవరూ చెప్పలేదు. నెత్తళ్ళ పులుసు ఆవిడ మా గుమ్మం ముందు నుంచి మొహం తిప్పుకుని వెళ్ళింది. వాడు విమానానికి బయల్దేరేరోజు పెదనాన్న బయటికే రాలేదు. వాడే వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెడితే, గోడవైపు తిరిగి పడుకున్నాడు ఆ మహానుభావుడు.

కారు వెళ్ళాక నేను ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను. "ఆడు మీ అందరికీ మైకులో సెప్పినాడు పెదనాన్నా, నన్ను ఎవులూ పిలవనేదని. నువ్వు ముందు వరసలో కూకున్నావు. సప్పట్లు కొట్టినావు," అన్నాను. ఆయన తువ్వాలు మొహం మీదకి లాక్కున్నాడు. పలికితే ఇంకా నాలుగు అనేదాన్ని.

తరవాత వేట మొదలైంది. మగవాళ్ళకి పనులు దొరికాయి, దేశం సంగతి మర్చిపోయారు. అక్కడ తమ్ముడి కాగితాల పని నడిచింది. వాళ్ళ పౌరసత్వం వచ్చింది. మన పాస్‌పోర్టు మన ఎంబసీకి పంపించేయాలంటే, పంపించాడట.

మొన్న వాడు ఫోను చేశాడు. నేను స్కూల్లో ఉన్నాను. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"అత్తా, మనోళ్ళు జవాబిచ్చినారు."

నా పిచ్చి చూడండి. అంతా అయిపోయాక కూడా ఒక్క క్షణం నా ప్రాణం లేచొచ్చింది. "నిజవేరా? ఎప్పుడు రమ్మన్నారు?" అని వరండా అదిరేలా అరిచాను. పిల్లలు క్లాసులోంచి తొంగి చూశారు.

"రమ్మన్నేదత్తా. పాస్‌పోర్టు మీద కేన్సిల్ అని ముద్దరేసి తిరిగి పంపించినారు," అన్నాడు. "శానా బేగి పంపీసినారత్తా."