సొరుగులు లాగి లాయర్లని తూచే మెర్విన్

మెర్విన్ క్లాసెన్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. నువ్వేం మాట్లాడినా తిప్పి తిప్పి ఏ ఊళ్ళో లాయర్ల కంపెనీ ఎలాంటిదో అక్కడికే తెచ్చేస్తాడు. అలాగని ఆయనేం చదువుకున్నోడు కాదు. విన్నిపెగ్ నుంచి లారీలో ఊరూరూ తిరిగి, లాయర్ల ఆఫీసుల్ని ఒక మేడ నుంచి ఇంకో మేడకి మార్చే పని ఆయనది. ముప్పయ్యేళ్ళుగా అదే పని.

బల్ల రెండో కొస పట్టుకునేది డ్వేన్ లగాసే. ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. పద్నాలుగేళ్ళుగా మెర్విన్ మాటలు వింటున్నాడు గానీ ఒక్క ముక్క తలకెక్కలేదు.

"ఈ పెరోగీ కుడుముల్లో ఉప్పెక్కువైంది," అన్నాడు డ్వేన్ ఓసారి తింటూ.

"టొరంటో వాళ్ళూ అంతే."

"ఉప్పెక్కువా?"

"పనెక్కువ. సొరుగులు ఖాళీ చెయ్యండని మనం చీటీ అంటిస్తామా, ఒక్కడూ చెయ్యడు. టొరంటోలో ఏ సొరుగు లాగినా పళ్ళ బ్రష్షూ, ఇస్త్రీ చొక్కా. ఇళ్ళకెళ్ళరు పాపం. క్యాల్గరీలో కౌబాయ్ బూట్లు. వాంకూవర్లో గొడుగూ, పరుగెత్తే బూట్లూ. మాంట్రియల్లో వైన్ సీసా బిరడా లాగేది."

"ఇంతకీ ఏది గొప్పంటావ్?"

"అలా ఒక్క మాటలో తేలేది కాదురా."

డ్వేన్ ఉప్పు సంగతే మర్చిపోయాడు.

నడుం పట్టేసి డాక్టరు దగ్గరికెళ్ళినా అదే తంతు. "ఎక్కడ నొప్పి?" అన్నాడు డాక్టరు. "మాంట్రియల్లో," అన్నాడు మెర్విన్. పాపం ఆయన అదే రాసుకున్నాడు.

ఇలా ఉండగా డ్వేన్ పెద్ద కూతురు జోసెట్ లాయరు చదువు ఆఖరికొచ్చింది. ఒకే రోజు రెండు ఫోన్లు. టొరంటోలో ఒక కంపెనీ రమ్మంది, క్యాల్గరీలో ఇంకోటి రమ్మంది. మర్నాడు మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

"ఏది ఒప్పుకోను నాన్నా?" అంది. "అక్కడ చేరేవాళ్ళందరి నాన్నలూ లాయర్లేనట. నన్ను పలకరించేవాళ్ళు కూడా ఉండరు."

డ్వేన్ ఏం చెప్తాడు? లాయర్ల గురించి ఆయనకి తెలిసిందల్లా వాళ్ళ బల్లలు బరువని. ఇన్నేళ్ళకి మెర్విన్ పనికొచ్చే రోజొచ్చిందనుకుని పొద్దున్నే లారీ దగ్గర పట్టుకున్నాడు.

"పెద్దాయనా, టొరంటోనా, క్యాల్గరీనా?"

"క్యాల్గరీ," అన్నాడు మెర్విన్ ఠక్కున.

డ్వేన్‌కి మతిపోయింది. ఈయన ఒక్క మాటతో ఆగడం ఇదే మొదటిసారి.

"బూట్లు చూసి చెప్తున్నావా ఏంటి?"

"కాదురా. అక్కడ ముగ్గురున్నారు."

"ఏ ముగ్గురు?"

మెర్విన్ చేతి తొడుగులు తీసి మళ్ళీ వేసుకున్నాడు. "మీ పిల్ల ఈ చదువులో చేరిన దగ్గర్నుంచీ ప్రతి ఊళ్ళోనూ కుర్ర లాయర్లని అడుగుతున్నా. 'మా డ్వేన్ కూతురు మీ దగ్గర చేరితే, మొదటి వారం పక్కన కూర్చోబెట్టుకుని భోంచేస్తారా?' అని. వాంకూవర్లో ఇద్దరు సరేనన్నారు. మాంట్రియల్లో ఒకడేదో ఫ్రెంచిలో అన్నాడు, సరేనన్నాడో తిట్టాడో తెలీదు."

"మరి టొరంటోలో?"

"ఒకావిడ ఉండేది. మంచి పిల్ల. మొన్నే క్యాల్గరీకి మారిపోయింది. ఆ ముగ్గురిలో ఆవిడొకత్తి."

డ్వేన్ అక్కడికక్కడే ఫోన్ తీసి కూతురికి చేశాడు.

"మెర్విన్ ఏ కంపెనీ మంచిదంటున్నాడు నాన్నా?"

"కంపెనీ సంగతి నాకర్థం కాలేదమ్మా. క్యాల్గరీలో నీతో కూర్చుని తినడానికి మాత్రం ముగ్గురున్నారు."

అటువైపు సన్నగా నవ్వు వినబడింది. పదకొండున్నరకి జోసెట్ క్యాల్గరీకి సరేనంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఓ పెద్ద బల్ల ఎత్తి మెట్లు దిగుతున్నారు. "ఒట్టావాలో లాయర్లున్నారు చూశావా..." అని మొదలెట్టాడు మెర్విన్.

డ్వేన్ తన కొస మెల్లిగా కింద పెట్టి, దాని మీదే కూర్చున్నాడు.

"నిదానంగా చెప్పు పెద్దాయనా. మా చిన్నది కూడా లా చదువుతానంటోంది."