గిన్నె అంచున పౌడరు

పదకొండేళ్ళుగా ఈ మాట నా నోట్లోనే ఉంది. మింగనూ లేను, కక్కనూ లేను. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు కనుక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అదే మేలు.

తిరువూరులో మా మందిరంలో నెలకో ఆదివారం ప్రభువు బల్ల, యేసు పేరిట రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటాం. అప్పట్లో అందరికీ ఒకటే గిన్నె. పాస్టరు అయ్యగారు పట్టుకుని వస్తే మోకరించి తలా ఒక గుక్క తాగేవాళ్ళం. నా పక్కన ఎప్పుడూ కరుణమ్మే. జాకెట్లు కుట్టుకుని బతికే విధవరాలు. నేను టీచర్ని, పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. చాప మీద నాకు చోటు పట్టి ఉంచే మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే.

ఆ వేసవిలో ఇద్దరం విస్సన్నపేట సభలకి బస్సులో వెళ్ళాం. జ్వరం తగ్గి నాకు మూతి పేలి ఉంది. దాహమేసి ఆవిడ సీసా తీసుకున్నాను. కుదుపుల్లో ఎత్తి పోసుకోవడం కుదరక, ఆవిడ చూడకుండా మూతి పెట్టేశాను. మిగిలిన నీళ్ళు ఆవిడ తాగింది. వారం తిరక్కుండా ఆవిడ మూతీ పేలింది.

ఇద్దరికీ పక్కులు రాలాయి. ఎర్రమచ్చలు మాత్రం పోలేదు. డాక్టరుని అడిగితే, పుండు మానింది, ఇక అంటుకోదు, అది లేత చర్మం, మెల్లగా రంగు కలుస్తుంది అన్నాడు. ఆ మాట నలుగురిలో చెప్పొచ్చుగా? చెబితే నాదీ బయటపడుతుంది. అందుకని పౌడరు అద్దుకున్నాను. కరుణమ్మకి ఆ దొంగబుద్ధి లేదు. ఎర్రటి పెదవితోనే వచ్చి పాటలు పాడింది.

బల్లకి ముందురోజు పాస్టరమ్మగారు నన్ను పక్కకి పిలిచారు.

"టీచరుగారూ, కరుణమ్మ మూతి చూశారా? మొగుడు లేని మనిషి, ఎక్కడ అంటించుకుందోనని ఆడాళ్ళంతా ఒకటే గుసగుసలు. మీరు చదువుకున్నోళ్ళు. అది అంటుకుంటుందంటారా?"

"ఏమోనండీ. ఎందుకైనా మంచిది, గిన్నె దగ్గర కాస్త చూసుకోండి."

అంతే అన్నాను. ఛీ, నాదీ ఒక చదువేనా!

మర్నాడు అయ్యగారు ఆవిడని దాటేసి నా ముందుకి వచ్చారు. కరుణమ్మ తల ఎత్తి, పెదవులు కొంచెం తెరిచి, గిన్నె కోసం ఇంకా చూస్తూనే ఉంది. నేను తాగాను. అంచుకి నా పౌడరు అంటింది. అయ్యగారు గుడ్డతో తుడుస్తుంటే ఆవిడ ఆ తెల్ల మరక చూసింది, తర్వాత నా మూతి చూసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాను.

ఆ నెల తిరిగేలోగా ఆవిడ మచ్చ పోయిందట. ఆవిడ మాత్రం మళ్ళీ మందిరానికి రాలేదు. పెనుగొలనులో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. అదెంత దూరమని? రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

ఎందుకు చేశాను? ఆవిడ మీద నాకు కోపమా? లేదు. నన్నూ అలాగే దాటేస్తారని, నాకున్న ఆ నలుగురూ దూరమైపోతారని భయం. ఆ నలుగురూ ఇప్పటికీ వందనాలు చెబుతారు, నవ్వుతారు, ఎవరింటికి వాళ్ళు పోతారు. పక్కన కూర్చోమని ఎవరూ పిలవరు.

మొన్న మళ్ళీ జ్వరమొచ్చి మూతి పేలింది. పక్కు రాలింది, ఎరుపు మిగిలింది. ఇవాళ బల్ల. పౌడరు అద్దుకోకుండా వెళ్ళాను. కరోనా తర్వాత ఆ గిన్నె తీసేశారు. తలా ఒక చిన్న కప్పు ఇస్తున్నారు. ఎవరి మూతి ఎవరికీ అక్కర్లేదు. నా మచ్చ ఒక్కరూ చూడలేదు. కప్పు పట్టుకుని చాలాసేపు ఖాళీ చాప మీద కూర్చున్నాను.

బస్సులో మూతి పెట్టింది నేను. కరుణమ్మకి అంటించింది నేను. ఈ రెండు ముక్కలూ ఆవిడకి చెప్పలేదు, రేపైనా చెబుతానో లేదో తెలియదు. మీకు చెప్పాను. కాస్త ఊపిరాడుతోంది.