కొత్తకోటలో దొరికిన గువ్వ

శ్రావణమాసం రెండో శుక్రవారం, తెల్లవారి అయిదుంబావుకు భువనగిరిలో బస్సెక్కాను. కొత్తకోటలో ఉండే మా చెల్లెలు నర్సమ్మకు నేనిచ్చిన పెంపుడు మగగువ్వ తొమ్మిది రోజుల కిందట ఎగిరిపోయింది. "దొరికింది గానీ కూస్తలేదక్కా, నువ్వే వచ్చి జూడు" అని ఫోన్ చేసింది. మరిది పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమెకు పలికే గొంతు అదొక్కటే. దానితో ఒకే గూట్లో పుట్టిన ఆడగువ్వ నా దగ్గర ఉంది. దీని గొంతు వింటే పలుకుతుందేమోనని బుట్టలో పెట్టుకున్నాను.

హైదరాబాదులో ఏడున్నరకు బస్సు మారాను. ఆడవాళ్లకు ఉచితం గనుక ఆధార్ చూపిస్తే సున్నా టికెట్. పక్క సీటులో జడ్చర్లకు పోయే ఆమె బుట్టలోకి తొంగి చూసింది.

"గిది పావురమా అవ్వా?"

"కాదు, గువ్వ. పావురం కన్నా సన్నం. మెడ వెనక నల్లగీత చూడు."

"దీనికి టికెట్ గొట్టిన్రా?"

"ఇదీ ఆడదే. సున్నా."

జడ్చర్లలో చాయ్ పదిహేను రూపాయలు. తరువాత మబ్బు కమ్మిన పత్తిచేలు, దూరంగా రాతిగుండ్లు, పడీపడని వాన. కునుకులో టైర్ల చప్పుడు గువ్వ కూతలా సాగుతూ ఉంది.

పదకొండున్నరకు కొత్తకోట. పంజరంలోని గువ్వకు మెడగీత సరిగ్గానే ఉంది. ఒళ్లు మాత్రం మా గువ్వల్లా మీగడ రంగు కాదు, బూడిద కలిసినట్టుంది.

"దుమ్ముల తిరిగింది గదా" అంది నర్సమ్మ. ఆమె కళ్లకు శుక్లాలు.

పెంపుడు గువ్వకు రెక్కల కొనలు లేతగా ఉంటాయి. చేలల్లో తిరిగే దానికి నల్లబారి ఉంటాయి. చూద్దామంటే కొనలే లేవు.

"మళ్ల ఎగిరిపోతదని కత్తిరించిన."

"ఈకలేవి?"

"గా మూలకు ఊడ్చిన."

చెత్త కదిపాను. కొనలన్నీ నల్లబూడిద రంగు. ఆమెకెలా చెప్పాలా అనుకుంటుండగా వాకిట్లో కరెంటు తీగ మీద ఒక చేనుగువ్వ మూడు ముక్కలుగా కూసింది: కు, కూ, కు. పంజరంలోది అలాగే బదులిచ్చింది. బుట్టలోది మాత్రం తన పద్ధతిలో రెండు ముక్కలే, రెండోది సాగదీసి కూసి, చివర నవ్వినట్టు చప్పుడు చేసింది.

నర్సమ్మ చాలాసేపు విన్నది.

"మనది గాదక్కా."

"కాదు."

"మరి మనది?"

"చేతి గింజలకు అలవాటైంది. బయట ఇన్ని రోజులు బతకదు, నర్సీ."

"పాపం, దీని రెక్కలు గోస్తినే."

"మళ్లొస్తయి. గప్పటిదాక జొన్నలెయ్యి. వచ్చినంక ఇడిసిపెట్టు."

మూడున్నరకు తిరుగు బస్సు దొరికింది. ఆడగువ్వను నర్సమ్మ దగ్గరే ఉంచాను. ఒళ్లో ఖాళీ బుట్ట. కునుకులో టైర్లు మళ్లీ కూశాయి, చివర నవ్వు లేదు.

పోయినవి: పెంపుడు మగగువ్వ ఒకటి. చేనుగువ్వ రెక్కల ఈకలు పన్నెండు, అవి తిరిగి వస్తాయి. మా ఇంట్లో తెల్లవారుజామున కూసే గొంతు ఒకటి.